నది ఒడ్డున నా నడక పరీక్ష

ఆ రోజుల్లో ఆడపిల్ల నడక చూడనిదే సంబంధం ఖాయం చేసేవాళ్ళు కాదు. "ఆ తలుపు దాకా పోయి రామ్మా" అనేవాళ్ళు. కాటన్‌పేటలో దూది దుకాణం వెనకాల మాది ఒకటే గది. లేచి నిలబడితే తలుపు తగిలేది. ఇక నడక ఏం చూపిస్తాను? చిన్నప్పుడు దూది బేళ్ళ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. ఎముక చక్కగా అతుక్కుంది గానీ 'కుంటిపిల్ల' అన్న మాట పేటను వదిలిపోలేదు. వచ్చిన సంబంధమల్లా ఆ మాట విని వెనక్కి పోయేది. చివరికి వర్తూరు నుంచి ఒకటి వచ్చింది. అబ్బాయి ఫోటోలోనే నాకు నచ్చేశాడు. (ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా.) ఇదీ తప్పిపోతుందేమోనని నాకు అన్నం దిగలేదు.

బేళ్ళ లారీ నడిపే మా మేనమామ ఉపాయం చెప్పాడు. "ఇంట్లో నడిపిస్తే ఎవురు నమ్ముతారక్కా? మలెనాడు అడివిలో నది పక్కనే చదునైన బాట ఉండాది. ముసలోళ్ళు కూడా సులువుగా పోతారు. రెండిండ్లోళ్ళం యాత్ర మాదిరి పోదాం. పిల్ల ముందర నడిస్తే వాళ్ళే చూసుకుంటారు." అమ్మ నాకు ఒకటే మాట చెప్పింది: "ఏమైనా కానీ, నోరు తెరవొద్దు."

అందరం వ్యాన్‌లో వెళ్ళాం. ఆకాశం కనబడనంత ఎత్తు చెట్లు, సన్నటి జల్లు, పక్కన రాళ్ళ మీద విరుచుకుపడుతున్న ఎర్రటి నది. దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. నాకు అప్పటికి ఒక్క అక్షరమూ రాదు. చదువొచ్చినవాళ్ళేమో నా కాళ్ళకేసి చూస్తున్నారు. పాదం కనబడాలని మామ నా చెప్పులు కూడా విడిపించాడు.

కొంతదూరం మహారాణిలా నడిచాను. తరువాత వేళ్ళ సందున ఏదో చల్లగా మెదిలింది. వంగి చూస్తే బాగుండదు, అరిస్తే అసలే బాగుండదు. పాదాన్ని నేలకు రాస్తూ నడవసాగాను. ఆ నది హోరులో గుసగుసలు కూడా కేకలు పెట్టి చెప్పుకోవాలి. కాబోయే అత్తగారు కొడుకు చెవిలో రహస్యంగా అరిచింది: "కుడికాలు ఈడుస్తా ఉండాది, చూడప్పా."

అంతలో వెనక నుంచి మా అమ్మ గొంతు: "ఆయమ్మే ఎడమకాలు ఈడుస్తా ఉండాదిరా తమ్ముడూ. ఒక మాటన్నా మనకు చెప్పలేదే."

నేను ఓరగా వెనక్కి చూశాను. పెళ్ళికొడుకు మడమ మీద గెంతుతూ వస్తున్నాడు. అయ్యో, ఈయనకూ కాలు బాగాలేదా అనుకున్నాను. ఆ వెంటనే, లేకపోతే పోనీ అనుకున్నాను.

ఎదురుగా వచ్చిన ఫారెస్ట్ గార్డు మా వరసను చూసి ఆగిపోయాడు. "ఏనమ్మా, ఎల్లరూ కుంటుత్తా ఇద్దీరి? బోర్డు నోడలిల్వా?" అని, అందరూ కుంటుతున్నారేం, బోర్డు చూడలేదా అని కన్నడంలో అడుగుతూ జేబులోంచి ఉప్పు పొట్లం తీశాడు. అందరం ఒక్కసారి కాళ్ళకేసి చూసుకున్నాం. జలగలు. మర్యాద కోసం ఒకరికి తెలియకుండా ఒకరం మోస్తున్నాం. కాబోయే అత్తగారి కేక నదిని మించిపోయింది. ఆ కేకకు నేను పమిట బిగించి పరుగందుకున్నాను. వ్యాన్ దగ్గరికి అందరికన్నా ముందు చేరింది నేనే. చాలాసేపటికి ఆవిడ రొప్పుతూ వచ్చి మా అమ్మతో, "కాలు బాగానే ఉండాది వదినా, ముహూర్తం పెట్టిస్తాం" అంది.

మొన్న వానాకాలం మేమిద్దరం మళ్ళీ అక్కడికి వెళ్ళాం. బాటకు ఇప్పుడు కమ్మీలు కట్టారు. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో, జలగలున్నాయి, కాళ్ళకు ఉప్పు రాసుకోండి అన్న ఆ బోర్డు కూడబలుక్కుంటూ మొత్తం చదివాను. (వెనక నిలబడిన పిల్లలు పాపం ఓపిక పట్టారు.) ఉప్పు రాసుకుని బయలుదేరాం. అయినా ఇద్దరం కుంటుతూనే ఉన్నాం. నాకు మోకాలు, ఆయనకు మడమ.

"ఆ దినం నువ్వు కుంటుతా ఉంటే, కుంటితే కుంటనీలే అనుకొంటిని" అన్నారు మా ఆయన, నది వైపు చూస్తూ.

ఇన్నేళ్ళ సంసారంలో ఆ ముక్క ఇప్పుడు బయటపడింది. ఇక నా మాట మాత్రం దాచడమెందుకని, "నాకు మీరు ఫోటోలోనే నచ్చినారు" అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమంటివి?" అన్నారు. నది అప్పటిలాగే హోరెత్తుతోంది. గొంతెత్తి మళ్ళీ చెప్పాను. ముందు పోతున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు.