వల లాగే రోజు గట్టు

రొయ్యల కంపెనీలో సరుకు నాణ్యత చూసేది నేనే, పదకొండేళ్ళుగా. వలిచే బల్లల దగ్గర వందమందికి పైగా ఆడవాళ్ళం. మేనేజరు గదిలో మాత్రం ఎప్పుడూ మగవాళ్ళే. కిందటేడు ఆ కుర్చీ ఖాళీ అయింది. ఈసారి నీకే ఇద్దామనుకుంటున్నానమ్మా, ముందు ఒక పట్టుబడి చేయించుకు రా, అన్నారు ఓనరుగారు. పట్టుబడంటే చెరువు దగ్గరుండి రొయ్యలు పట్టించి, కిలోకు ఎన్ని తూగుతున్నాయో తేల్చడం. దాన్నే కౌంటు అంటాం, ధర దాన్ని బట్టే.

తెల్లవారేసరికి అల్లవరం వైపు ఒక చెరువుకి చేరాం, నేనూ, నా కింద పనిచేసే అసిస్టెంటు కుర్రాడూ. గట్టెక్కబోతుంటే రైతు చేతులు జోడించి అడ్డం వచ్చారు.

“ఏమీ అనుకోకండమ్మా. వల లాగే రోజు ఆడవాళ్ళు గట్టెక్కకూడదని మాకు పట్టింపండి. మీరు కార్లో కూర్చోండి, శాంపిలు బుట్టలో కిందికే తెప్పిస్తాను.”

మా గోదావరి మర్యాద అంతే, బయటికి పొమ్మన్నా ‘అండి’ చేర్చే అంటారు. మిగతా రోజులు అదే గట్టు మీద తిరిగి మేత చల్లేది ఆయన భార్యే. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది, తల ఎత్తలేదు. బుట్టలో కిందికి వచ్చేవి ఏరిన పెద్ద రొయ్యలేనని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. వలలోంచి నా చేత్తో తీస్తేనే కౌంటు రాస్తానన్నాను.

రైతు కదల్లేదు. ఎండెక్కుతోంది, వలలో రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఇంకాస్త ఆలస్యమైతే చస్తాయి. కూలీలు వల పట్టుకుని నా వైపే చూస్తున్నారు. చెప్పులు విడిచి ఎక్కేశాను. ఎవరూ ఆపలేదు. వలలోంచి నా చేత్తోనే తీసి తూచాను. రైతు చెప్పినంత పెద్ద రొయ్యలు కావవి. ఉన్నది ఉన్నట్టే రాశాను.

మర్నాడు ఓనరుగారు పిలిచారు. రైతు ఫోన్ చేసి బాధపడ్డారట.

“నీ కౌంటుకి వంక పెట్టనమ్మా. కానీ రైతులు మనకి కావాలి కదా.”

మేనేజరుగా అసిస్టెంటుని వేశారు. నువ్వు లేకపోతే కంపెనీ నడవదని కూడా అన్నారు. అది విన్నాక ఒళ్ళు ఇంకా మండింది.

వారం తిరక్కుండా కొత్త మేనేజరు ఇంకో చెరువు దగ్గర్నుంచి ఫోన్ చేశారు.

“మేడమ్, రైతుగారు నన్ను నీడన కూర్చోబెట్టి శాంపిలు బుట్టలో తెప్పించేరండి. ఇందులోంచి చూసి రాసేయొచ్చాండి?”

“మేనేజరు మీరు కదండీ, మీ ఇష్టం” అన్నాను.

ఆయ్, అని పెట్టేశారు. పదకొండేళ్ళలో, తెలిసిన జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి.