అద్దం తుడిచిన గుమ్మటం మామయ్య

తుప్పు పట్టి రెండు వేసవులుగా కదలని వేధశాల గుమ్మటాన్ని ఆముదంతో, అరుపులతో, చివరికి భుజబలంతో తిప్పడం మనవాడి మొదటి విజయం. ఆనాటి నుంచి విశ్వవిద్యాలయమంతటికీ అతను గుమ్మటం మామయ్య. కొలువు మాత్రం తాత్కాలికమే.

ఆ వేధశాల సామాన్యమైనది కాదు. కట్టించినాయన పేరు ఒక రాయి మీద, సున్నం వేయించినాయన పేరు అంతకంటే పెద్ద రాయి మీద ఉన్నాయి. గ్రంథాలయం ఉంది, దానికి తాళం ఉంది. మెట్ల పక్కన ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి. అవి వెలిగితే చుక్కలు కనబడవు గానీ వేధశాల ఎంత దూరానికైనా కనబడుతుంది. వీటన్నిటి నడుమ టెలిస్కోపు, దాని అడుగున బండిచక్రమంత అద్దం. దుమ్ము పడినా దాన్ని తుడవకూడదు, పూత గీసుకుపోతుంది. దాని జోలికి ఎవరొచ్చినా మనవాడు పులే.

ఈ ఏడు తనిఖీ సంఘం వస్తోందన్నారు. మంచి గ్రేడు వస్తే మనవాడు పర్మనెంటు. శాఖాధిపతి టెలిస్కోపు గొట్టంలోకి తొంగిచూసి మొహం చిట్లించాడు.

"ఏం మామయ్యా, ఇంత దుమ్మా? తళతళలాడించు."

"తుడవకూడదు సార్. మీ పుస్తకంలోనే ఉంది కదండీ!"

"పుస్తకం వచ్చి గ్రేడు ఇస్తుందా?"

ఇంట్లో చెబితే భార్య అంది: "ఇన్నేళ్లు దుమ్ముకి కాపలా కాశారు. అది మిమ్మల్ని పర్మనెంటు చేసిందా?"

మనవాడు ఏ పనీ సగం చేసే రకం కాదు. కొత్త తువ్వాలు తీసి, గిన్నె తోమినట్టు తోమేశాడు.

సంఘం వచ్చింది. అధ్యక్షుడు వంగి చూస్తే ఆ గుంట అద్దంలో తన ముఖం గంగాళమంత కనబడింది. మురిసిపోయి జుట్టు సవరించుకుని, "అద్భుతమైన పరికరం!" అన్నాడు. మిగతావాళ్లూ వరసగా దువ్వుకున్నారు. అత్యున్నత గ్రేడు! మనవాడి చేతికి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది.

ఆ సాయంత్రమే ముసలి ప్రొఫెసరు టెలిస్కోపుకు కన్ను ఆనించి, "చంద్రుడికి గడ్డం మొలిచిందేంటయ్యా?" అన్నాడు.

"తుడిచానండీ," అన్నాడు మనవాడు తల వంచుకుని.

"ఎవడు తుడవమన్నాడు నిన్ను?" అని శాఖాధిపతి మండిపడ్డాడు.

అద్దాన్ని దూరాన ఉన్న కర్మాగారానికి కొత్త పూతకు పంపాలి. పర్మనెంటు ఉద్యోగి ఒకరు తోడు వెళ్లి, పని అయ్యేదాకా అక్కడే ఉండాలన్నది నియమం. ఉత్తర్వు మీద సిరా తడి ఆరకముందే మనవాడు లారీ ఎక్కాడు.

"పర్మనెంటైతే ఇంటిపట్టున ఉంటారనుకున్నా," అంది సాగనంపడానికి వచ్చిన భార్య.

"ఈసారి దీన్ని ఎవరినీ తాకనివ్వను, చూడు."

"ముందు మీ తువ్వాలు ఇలా ఇచ్చి వెళ్లండి."

ఇచ్చాడు. ఫ్లడ్‌లైట్లు మాత్రం రోజూ వెలుగుతున్నాయి. కర్మాగారం చెప్పిన ప్రకారం అద్దమూ మనవాడూ తిరిగి వచ్చేది ఆగస్టు పదిహేడున.