ఎర్రరాజు దారి మార్చిన వేసవి

మా చిన్నప్పుడు... మాచర్లలో మా వీధి చివర డేవిడ్ అన్న కంప్యూటర్ సెంటర్ గడప ముందు మూడు జతల చెప్పులుంటే, అందులో రెండు మావే. ఒకటి మా అన్నది, ఒకటి వాడి వెంటే తిరిగే చెల్లెలిది, అంటే నాది.

లోపల చల్లగా ఉండేది... మానిటర్ల మీద దుమ్ము పడకుండా పూల తొడుగులు. టైపింగ్ నేర్చుకునేవాళ్ళు మధ్యాహ్నం భోజనాలకు వెళ్ళగానే మూలనున్న కంప్యూటర్ మాదైపోయేది. డేవిడ్ అన్నకు మా అమ్మ పెట్టే ఆవకాయంటే ప్రాణం. అదే మా సిఫారసు.

మేం ఆడేది యుద్ధం ఆట. మనం ఒక ఎత్తు వేస్తే కంప్యూటర్ ఒక ఎత్తు వేస్తుంది. మన వంతు వచ్చాక ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. మాది నీలం కోట, దానిది ఎర్రకోట. మధ్యలో ఏరు, ఏటి మీద వంతెన. ఆ కంప్యూటర్‌కి మేం పెట్టుకున్న పేరు ఎర్రరాజు.

అన్న అప్పుడే పదో తరగతి పరీక్షలు రాశాడు. ఏదైనా బట్టీ పట్టేస్తే గానీ వాడికి నిద్ర పట్టదు. ఎర్రరాజునీ అలాగే పట్టాడు. 'ఐదో ఎత్తుకి గుర్రాలు వంతెన ఎక్కును. ఆరో ఎత్తుకి విలుకాళ్ళు వచ్చును.' ఇలా ఒక నోట్సు నిండా రాసి, అట్ట వేసి, సబ్జెక్టు దగ్గర 'ఎర్రరాజు' అని చీటీ అంటించాడు. ఆటలో అలాంటి ఎర్రకోటలు ఐదు. ఆ నోట్సుతో నాలుగు గెలిచాం. ఇక మిగిలింది ఆఖరి కోట.

జూన్‌లో అన్న గుంటూరు హాస్టల్‌కి వెళ్ళిపోతాడు. వాడు బస్సెక్కేలోపు ఆ కోట మీద మా జెండా ఎగరాలి... ఇద్దరం దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకున్నాం.

అంతలో సెంటర్లో కంప్యూటర్లకు వైరస్ పట్టింది. డేవిడ్ అన్న అన్నీ చెరిపేసి మళ్ళీ ఎక్కించాడు.

"ఆట అదేరా, సీడీ కొత్తది. దానికి బుర్ర పెంచారంట" అన్నాడు.

మేం నవ్వుకుని ఆఖరి కోటే తెరుచుకుని కూర్చున్నాం. నోట్సు ప్రకారం వంతెనకు అటూ ఇటూ మనుషుల్ని దాచాం. ఐదో ఎత్తు అయింది... ఎవరూ రాలేదు. ఆరు, ఏడు... ఎనిమిదో ఎత్తుకి వెనకనుంచి పడవల్లో దిగి మా గాదెలు తగలబెట్టి పోయాడు ఎర్రరాజు.

అన్న గబగబా పేజీలు తిప్పాడు. "నోట్సులో లేదే ఇది" అన్నాడు, సిలబస్‌లో లేని ప్రశ్న ఇచ్చినట్టు ముఖం పెట్టి.

పడవలకు కాపలా పెడితే మర్నాడు కొండ దిగి వచ్చాడు. కొండకి పెడితే వంతెన ఎక్కాడు. వరసగా నాలుగు రోజులు ఓడిపోయాం. అన్న నోట్సు విసిరికొట్టాడు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

ఐదో రోజు అన్నాలకు పిలవడానికి అమ్మ వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పులీ-మేకా ఆటలో అమ్మను ఓడించినవాళ్ళు లేరట. కాసేపు మా వెనక నిలబడి చూసింది.

"ఏందిరా, వాడు ఎదురుగా ఉంటే నువ్వు పుస్తకంలో తల పెట్టావు? పులి నిన్న వచ్చిన దారినే ఇయ్యాల గూడా వస్తదా? దాని కన్ను ఎటుందో చూడు. ఒక మేకను ఒదిలెయ్. అది తినడానికి వచ్చినప్పుడు దారి ముయ్యి."

మేకంటే మా చివరి పల్లె. దాని కాపలా తీసేశాం. ఎర్రరాజు ఆశగా వచ్చాడు... సగం సైన్యం మా చేతికి చిక్కింది. మేం ఎక్కడ పలచగా ఉంటామో అక్కడికే వాడు వస్తాడని అప్పుడు తెలిసింది.

కానీ కోట పడకముందే జూన్ వచ్చేసింది. బస్సు కిటికీలోంచి అన్న నోట్సు నా చేతిలో పెట్టాడు. అందులో ఆఖరి పేజీలు ఖాళీ.

హాస్టల్లో వాడికి కుదురు చిక్కలేదు. మొదటి ఆదివారం ఫోన్‌లో వెక్కి వెక్కి ఏడ్చాడు, వచ్చేస్తానన్నాడు. నువ్వన్నా చెప్పమని అమ్మ ఫోన్ నా చేతికిచ్చింది. నాకు మాత్రం ఏం తెలుసు... "అన్నా, ఎర్రరాజు నిన్న కొండ వైపు తిరిగాడు" అన్నాను.

వాడు ముక్కు ఎగబీలుస్తూ, "ఎన్ని గుర్రాలే?" అన్నాడు.

అప్పటినుంచి శనివారం నేను రెండెత్తులు వేసి, ఆట అక్కడికి సేవ్ చేసి వచ్చేదాన్ని. ఆదివారం అన్న అడిగేవాడు. "నాకు కనపడదు గదే. నువ్వు చూసి ఆడు" అనేవాడు. వచ్చేస్తానన్న మాట మెల్లగా మానేశాడు. దసరాకి వారం ముందు ఎర్రకోట గోడ కూలింది. ఇంకొక్క ఎత్తు వేస్తే గెలుపు... వేయలేదు. వాడొచ్చేదాకా ఆపాను.

దసరా సెలవులకు వచ్చీరాగానే అన్నను లాక్కెళ్ళి కూర్చోబెట్టాను. "నువ్వే కొట్టు" అన్నాడు. ఆఖరి ఎత్తు వేయబోతుంటే తెర మీద ఒక చీటీ వచ్చింది. ఎర్రరాజు సంధి అడుగుతున్నాడు! ఒప్పుకుంటే గెలుపు ఉండదు, ఆట నడుస్తూనే ఉంటుంది.

నేను అన్న వంక చూశాను.

"ఒప్పుకోవే" అన్నాడు. "అయిపోతే మళ్ళీ ఆదివారం ఏం మాట్లాడుకుంటాం?"

ఒప్పేసుకున్నాను.

ఇప్పుడు ఆ సెంటర్ ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు ఉంది. మా అబ్బాయి ఫోన్‌లో ఆటలు వారానికోసారి వాటంతటవే మారిపోతాయి. వాడు ఏదో వీడియో చూసి పది నిమిషాల్లో గెలిచేస్తాడు. ఆదివారం దాకా ఆగి ఎవరికో చెప్పాల్సిన పని వాడికి లేదు... అది చూస్తే కొంచెం దిగులేస్తుంది.

నలభై దాటిన మా అన్న మాత్రం ఇప్పటికీ ఆదివారం ఫోన్ చేస్తే, బాగున్నావా అని అడగడు. "ఎర్రరాజు ఏం చేస్తన్నాడే?" అంటాడు.

మీరూ ఎవరికోసమైనా ఇలా ముగించకుండా అట్టేపెట్టిన ఆట ఉందా? ఉంటే కింద రాయండి... చదువుతాను, మా అన్నకూ చదివి వినిపిస్తాను.