చావాల్సింది చిన్నత్త ఫోనే

మా చిన్నత్తకు ఫోన్ చేసి మాట్లాడదామనుకునేవాళ్లంత వెర్రివాళ్లు ఇంకెవరూ ఉండరు. నాన్నకు చెల్లెలైతే మాత్రం, ఉన్నమాట చెప్పొద్దూ! మెట్ల కింద అగ్గిపెట్టెంత కొట్టులో ఆవిడ ఫోన్లు బాగుచేస్తుంది. ముందు బల్ల మీద నేను కవర్లు అమ్ముతాను. తాళం పడ్డ ఫోన్లు తెరిచే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కడినుంచో సంపాదించింది. కంపెనీది కాదు. ఒక్కోసారి తెరుస్తుంది, ఒక్కోసారి ఫోన్లో ఉన్నదంతా ఊడ్చిపెడుతుంది. అందులో ఏ దొంగ ప్రోగ్రామ్ నక్కి ఉందోనని ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ కూడా పెట్టలేదు. ఎవరి ఫోను ముట్టుకోవాలన్నా, ముందు తన ఫోనుకు తాళం వేసి దాని మీదే ప్రయోగం.

"ముందు నాది చావాలి. తర్వాతే జనాలది" అంటుంది.

ఒకరోజు పక్కవీధి దర్జీ అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. సొంతంగా మిషను పెట్టుకున్నాక దొరికిన మొదటి పెద్ద పని, ఒక పెళ్లివారి బట్టలన్నీ. కొలిచేటప్పుడు రెండు చేతుల్లోనూ టేపు ఉంటుంది కాబట్టి కొలతలు పైకి చెబుతూ ఫోన్లో రికార్డు చేసుకుంటుంది. ఆ ఫోను చంటివాడి చేతిలో పడకూడదని తాళం తీసే ప్యాటర్న్ గీత మార్చి, మార్చిన గీత తనే మర్చిపోయింది.

"మొత్తం తుడిచేస్తే తప్ప తెరుచుకోదంటున్నారక్కా కంపెనీవాళ్లు. మళ్లీ కొలుద్దామంటే పెళ్లివాళ్లు ఊళ్లో లేరు. రేపే కత్తిరించాలి. ఈ పని పోతే నా మిషను మూలపడ్డట్టే!"

"ముందు కళ్లు తుడుచుకుని, ఇది నీదేనని బిల్లు చూపించవే" అంది అత్త.

చూపించింది. ఖర్మ కొద్దీ ఆమెదీ అత్తదీ రెండు ఫోన్లూ ఒకే మోడల్, ఒకే నలుపు. అత్త రెండింటి కవర్లూ ఊడదీసి పక్కపక్కన పెట్టి, తనది అనుకున్నదాన్ని కంప్యూటర్‌కు తగిలించింది. కాసేపటికి తాళం ఊడింది. తెర మీద ఒళ్లంతా సబ్బు నురగతో ఒక చంటివాడు!

"ఇదేంటే, నా ఫోన్లో ఈ గుండుగాడెవడు?"

"మావాడేనక్కా!"

ముగ్గురం ఒక్కసారే కెవ్వుమన్నాం. ఆ అమ్మాయి గబగబా ఒక రికార్డింగు నొక్కింది. కొట్టు అదిరేలా తన గొంతే పలికింది: "పెళ్లికొడుకు మేనమామ. నడుం నలభై ఎనిమిది. ఎవరడిగినా నలభై రెండని చెప్పమన్నారు." బయట టీ తాగుతున్నవాళ్లకు పొలమారింది. నాకైతే కడుపు చెక్కలయింది.

అత్తకు హుషారెక్కింది. "నా చేతి మహిమ చూశారా? ఇక నాది చిటికెలో తెరుస్తాను" అంటూ తన ఫోను తగిలించింది. అది కొత్తగా కొన్నదానిలా స్వాగతం చెబుతూ లేచింది. లోపల అంతా ఖాళీ.

అత్త స్టూలు మీద చతికిలబడింది. "ఇది నీదై ఉంటే? అమ్మో, నీకు మొహం ఎలా చూపించేదాన్నే!" అంది. దర్జీ అమ్మాయి ఆవిడను వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది, చెప్పులు మర్చిపోయి పరిగెత్తింది.

పెళ్లి బట్టలు కుట్టడం అయ్యాక మళ్లీ వచ్చింది. ఇప్పుడు కొలతలన్నీ నా ఫోన్లో కూడా ఒక కాపీ పెడుతోంది. పెళ్లివారి నడుములన్నీ నా గుప్పిట్లో ఉన్నాయి, నాతో పెట్టుకోకండి! ఆ వచ్చిన రోజే అత్త చేతిలో ఎర్రటి చిన్న గుడ్డసంచి పెట్టింది, పెళ్లి బట్టల్లో మిగిలిన ముక్కతో కుట్టిందట.

"నీ ఫోను ఇందులో పెట్టుకో అక్కా. ఇక తారుమారు కాదు, చావాల్సిందే చస్తుంది."