ఒకటి కొడితే ఆపాలి

"వాడు ఒకటి కొడితే ఏం చెయ్యనే?"

చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగి, గోడవైపు చూస్తూ అడిగాడు చేంతాడు.

"కొడితే కొట్టించుకో. ఇన్నేళ్లుగా మీరిద్దరూ చేస్తున్నది అదేగా" అంది భార్య, ఆసుపత్రికి పంపాల్సిన కాఫీ ఫ్లాస్కులో పోస్తూ. ఆమెకు విషయం తెలియదు. చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

మనిషి పొడుగు, సన్నం, నడుం దగ్గర చిన్న వంకర. చేసే పని లిఫ్టుల మరమ్మతు. పొద్దస్తమానం ఇనుప తాళ్లతో కుస్తీ. ఇన్ని కలిసొచ్చాక చేంతాడనే పేరు అతనికి అతికినట్టు సరిపోయింది. ఆ పేరు పెట్టినవాడు ఢంకా. ఢంకాకు ఆ పేరు పెట్టింది చేంతాడు. కింద గొయ్యిలో నిలబడి వాడొక్క కేక వేస్తే, పై అంతస్తులో నిద్రపోతున్న పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు.

లిఫ్టు పని ఇద్దరి పని. ఒకడు లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడతాడు. ఇంకొకడు పైన మోటారు గదిలో స్విచ్చు దగ్గర ఉంటాడు. ఇద్దరి మధ్యా చీకటి బావి. అందులో ఢంకా గొంతు కూడా గోడలకు తగిలి ముద్దయిపోయేది. అందుకని వాళ్లు మాటలు మానేసి, లిఫ్టు జారే ఇనుప పట్టా మీద పానాతో కొట్టుకునేవాళ్లు. రెండు కొడితే పైకి, మూడు కొడితే కిందికి. విన్నవాడు అన్ని దెబ్బలూ తిరిగి కొట్టాకే మోటారు కదలాలి. ఒకటి కొడితే మాత్రం ఆపాలి. దానికి జవాబు కొట్టేది లేదు, ఎందుకని అడిగేది లేదు. తన ఒంటికి ఏం తగులుతోందో నెత్తిమీద నిలబడ్డవాడికే తెలుస్తుంది.

ఒకసారి చేంతాడు చొక్కా చెయ్యి చక్రంలో ఇరుక్కుంది. ఒకటి కొట్టాడు. ఆ సమయానికి భవనం యజమాని ఢంకా పక్కన నిలబడి, "ఇంకాస్త పోనివ్వవయ్యా, చుట్టాలొచ్చే వేళయింది" అని తొందరపెడుతున్నాడు. ఢంకా ఆపేశాడు. ఇంకో జానెడు కదిలుంటే చెయ్యి భుజం దాకా పోయేది. కిందికి దిగాక చేంతాడు కళ్లనీళ్లు పెట్టుకుంటే, "ఏడవకురా వెధవా. నీ చెయ్యి పోతే నాకు పానా ఎవడందిస్తాడు?" అన్నాడు ఢంకా.

అలాంటి ఢంకాకు ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి. మొదట దగ్గు. తర్వాత ఆయాసం. తర్వాత ఆ గొంతూ పడిపోయింది. "ఊళ్లోవాళ్లందరికీ లిఫ్టులు బాగుచేశాను, నాకు మాత్రం మేడమెట్ల ఇల్లు దొరికింది చూడు" అని నవ్వబోయి, నవ్వు పూర్తిచెయ్యడానికి ఊపిరి చాలక గోడ పట్టుకునేవాడు.

చివరికి గొంతులోకి గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి ఆడించాలన్నారు డాక్టర్లు. తగ్గుతుందని మాటివ్వలేం, చూద్దాం అన్నారు. వేయించుకోమని ఢంకా భార్య అతని కాళ్లావేళ్లా పడింది. సరేనన్నాడు. ఆమె మందుల కొట్టుకు వెళ్లిన సందు చూసుకుని ఢంకా స్నేహితుడి మణికట్టు పట్టుకున్నాడు.

"దానికోసం వేయించుకుంటున్నా. బతుకుతానని కాదు."

"ఏం మాటలురా అవి?"

"నోరు మూసుకుని విను. గొట్టం పడ్డాక నాకు మాట ఉండదు. ఇక చాలనిపిస్తే మంచం కమ్మీ మీద ఒకటి కొడతా. నువ్వు ఆపించాలి. ఆపమన్నది నేనేనని దానికి చెప్పాలి. మాటివ్వు."

"ఇచ్చాలే."

"ఇచ్చాలే కాదు. తిరిగి చెప్పు."

చేంతాడు పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు. చెప్పి, "చెల్లెమ్మతో నువ్వే అనొచ్చుగా ఈ ముక్క?" అన్నాడు.

"అంటే ఏడుస్తుంది. అది ఏడిస్తే నేను దేనికైనా తలూపేస్తా. నా సంగతి నీకు తెలీదూ?"

మొదట్లో బాగానే ఉంది. ఢంకా ఉంగరం ఉన్న వేలితో కమ్మీ మీద రెండు కొట్టేవాడు. చేంతాడు తాళంచెవితో రెండు తిరిగి కొట్టేవాడు. "ఇదేం ఆటండీ, పక్క మంచాలవాళ్లు పడుకోవద్దూ?" అని నర్సు కసిరితే, గొట్టం వెనక ఢంకా కళ్లు నవ్వేవి. తర్వాత ఒళ్లు ఉబ్బింది. చర్మం ముట్టుకుంటే కమిలిపోయేది. గొట్టంలోంచి కఫం లాగిన ప్రతిసారీ మనిషి మొత్తం విల్లులా వంగేవాడు.

చేంతాడు చెప్పుల దగ్గర ఆగి భార్యను అడిగింది ఆ రోజుల్లోనే. ఆ రోజు మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఢంకా కళ్లు తెరిచాడు. వేలు ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

ఒకటి కొట్టాడు.

"ఏమంటున్నారన్నయ్యా?" అంది ఢంకా భార్య, మంచానికి అవతలి నుంచి.

"ఏం లేదమ్మా. అలవాటు కొద్దీ వేలు ఆడిస్తున్నాడు."

ఢంకాకు మాట పోయింది గాని, చెవులు బాగానే ఉన్నాయి.

మర్నాడూ ఒకటే కొట్టాడు. కొత్త మందు మొదలుపెట్టారు, పనిచేస్తుందేమో చూడాలిగా అని చేంతాడు తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. నచ్చజెప్పుకుని ఒక పాడుపని చేశాడు. జేబులోంచి తాళంచెవి తీసి, కమ్మీ మీద రెండు కొట్టాడు. ఆపమన్నవాడికి పైకి పోదాం పద అన్నాడు.

ఢంకా అతన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కళ్లు మూసుకుని చేతిని మెల్లగా దుప్పటి లోపలికి లాక్కున్నాడు. ఆ తర్వాత చేంతాడు వచ్చిన ఏ రోజూ ఆ చెయ్యి బయటికి రాలేదు.

తిట్టి ఉంటే భరించేవాడు. చెయ్యి కనపడకపోవడం భరించలేకపోయాడు. ఒక పొద్దున మెట్ల మలుపులో ఆమెను ఆపి, అంతా చెప్పేశాడు. పానా దెబ్బల సంగతి, ఇచ్చిన మాట, తాళంచెవితో తను కొట్టింది కూడా దాచలేదు. ఆమె ఏడవలేదు. వింటూ వింటూ చేతిలోని తువ్వాలును చిన్నగా, ఇంకా చిన్నగా మడతపెట్టింది.

"మీరిక్కడే ఉండండి" అని లోపలికి వెళ్లింది.

అద్దంలోంచి చూశాడు చేంతాడు. ఆమె దుప్పటి ఎత్తి, మొగుడి చేతి కింద తన అరచెయ్యి పెట్టింది. వంగి చెవిలో ఏదో అడిగింది. చాలాసేపు అలాగే ఉండి మళ్లీ అడిగింది. తర్వాత నుదురు ఆ చేతిమీద ఆనించింది. బయటికొచ్చి, "నాకూ ఒకటే కొట్టారు. రెండుసార్లు అడిగినా ఒకటే" అంది. అని, డాక్టరు గదివైపు నడిచింది.

డాక్టర్లు కూడా ఆయన్నే మళ్లీ అడిగారు, తమలో తాము మాట్లాడుకున్నారు. మర్నాడు, బాధ తెలియకుండా మందిచ్చి గొట్టం తీశారు. సాయంత్రానికి ఢంకా పోయాడు. ఆమె చెయ్యి పట్టుకునే ఉంది. చేంతాడిని లోపలికి పిలవలేదు. అతను అద్దం ఇవతలే నిలబడ్డాడు.

కొన్నాళ్లకు ధైర్యం చేసి ఆ మేడమెట్లు ఎక్కాడు. ఆమె తలుపు తీసింది గాని లోపలికి రమ్మనలేదు.

"ముందే చెప్పుంటే నేను ఒప్పుకునేదాన్ని కాదన్నయ్యా. నానా యాగీ చేసేదాన్ని" అంది. "కానీ మీతో కాదు, ఆయనతో పోట్లాడేదాన్ని. వినపడిందని ఆయనకు తెలిసుండేది. చివరి రోజుల్లో మా ఇద్దరికీ మిగిలింది ఆ పోట్లాటొక్కటే. అదీ లేకుండా చేశారు."

తలుపు వేసుకుంది. చేంతాడు మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఇప్పుడతను మా భవనం లిఫ్టు చూడటానికి వస్తాడు. ఇదంతా అలా వచ్చినప్పుడు అతను చెప్పిందే. వేరే మనిషి జతగా వస్తాడు. పానా దెబ్బలు కింద మా గుమ్మం దాకా వినిపిస్తాయి. ఒకటి పడగానే అంతా నిశ్శబ్దమైపోతుంది.

మొన్న మా పాపకు జ్వరం. మందు వద్దని అది పెదవులు బిగబట్టింది. నేను గాభరాగా, ఏమీ వినపడనట్టు చెంచా నోట్లోకి తోస్తున్నాను. మంచినీళ్లకని గుమ్మంలో నిలబడ్డ చేంతాడు కాసేపు చూసి, గ్లాసు కింద పెట్టాడు.

"మందు మాననక్కర్లేదమ్మా, వెయ్యాల్సిందే. కాని అది వద్దంటోంది. వినపడిందని ముందు దానికి చెప్పు. ఆ తర్వాత ఎంతైనా పోట్లాడుకోండి. వినపడనట్టు మాత్రం ఉండకు."