నటన వద్దన్న దర్శకుడు

2003లో, మిర్చి కోతల కాలంలో, పర్చూరు దగ్గర తీస్తున్న ఒక చిన్న సినిమాకి నన్ను సౌండ్ రికార్డిస్టుగా పిలిచారు. అది సింక్ సౌండ్ సినిమా. అంటే మాటలు తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పించరు. నటిస్తున్నప్పుడే నా టేపు మీద పడాలి. బడ్జెట్ తక్కువ కాబట్టి మనుషులూ తక్కువే. కెమెరామన్, నేను, మైకు కర్ర పట్టుకునే బూమ్ ఆపరేటర్, ఒక అసిస్టెంట్ డైరెక్టర్, మా అందరి మీదా పెత్తనానికి దర్శకుడు.

కథ ఒక పదిహేనేళ్ల పిల్లది. బడి మానేసి, అందరితోనూ తగువుపడి, ఇంట్లోంచి పారిపోతుంది. దర్శకుడు ఎక్కడో చిన్న కోర్సు చేసి వచ్చాడు. "నాకు నటన వద్దు, నిజం కావాలి" అనేది ఆయన నిత్య పారాయణం. ఆ నిజం కోసం మమ్మల్ని ఎండుమిర్చి కల్లంలో నిలబెట్టి, తాను మాత్రం ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని గొడుగు కింద కూర్చునేవాడు. మా దగ్గులతో టేకు పాడైతే, దగ్గునూ ఉంచమనేవాడు. అదీ నిజమేనట.

ఆ పాత్ర వేసింది కెజియా అనే ఆ ఊరి అమ్మాయి. చర్చిలో క్రిస్మస్ నాటకాలు వేసిన అలవాటు తప్ప వేరే శిక్షణ లేదు. అయినా ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో దర్శకుడి కంటే బాగా తెలుసు. తల్లి మరియమ్మ కూలి పని మానుకుని రోజూ వెంట వచ్చేది.

కథలోని పిల్ల కల్లంలో తన తల్లి చనిపోయిందన్న కబురు వినే సన్నివేశం వచ్చింది. కెజియా రెండుసార్లు చక్కగా చేసింది. దర్శకుడు రెండూ వద్దన్నాడు. "నటిస్తోంది" అని ఆయన ఫిర్యాదు. నటి నటిస్తోందని విసుక్కున్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు. భోజనాలయ్యాక, పాత్రకు గాజులు కావాలని చెప్పి మరియమ్మను జీపులో పర్చూరు పంపించాడు.

కెమెరా తిరిగింది. కబురు తెచ్చే వేషం వేస్తున్న అసిస్టెంట్ పరుగున వచ్చి, రాసిన డైలాగుకు బదులు, "అమ్మాయ్, జీపు బోల్తా పడింది. మీ అమ్మ పోయింది" అన్నాడు. కెజియా నిలబడ్డచోటే మిరపకాయల మీద బోర్లా పడిపోయింది. నేను దర్శకుడి వైపు చూశాను. నవ్వుతూ, కెమెరా ఆపొద్దని చెయ్యి ఊపుతున్నాడు. సంగతి అర్థమై రికార్డర్ ఆపేశాను. "అబద్ధం! మీ అమ్మకేం కాలేదు!" అని అరిచాను.

"మీ పని రికార్డు చేయడం, నీతులు చెప్పడం కాదు" అని దర్శకుడు నా మీద విరుచుకుపడ్డాడు.

అంతలో జీపు రానే వచ్చింది. విషయం విన్న మరియమ్మ గాజులు అక్కడే పడేసి నేరుగా ఆయన మీదికి వెళ్లింది. "ఏందయ్యా, బతికున్నదాన్ని సచ్చానని చెప్పిచ్చావంట? నీ బొమ్మ కోసం నేను సావాలా? మీ అమ్మని చంపుకుని తీసుకోరాదా!" ఆయన ఇంగ్లీషులో ఏదో గొణిగాడు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

కెజియా కదల్లేదు. "నువ్వు ఇక్కడ కూర్చోమ్మా" అని తల్లికి చెప్పి, దర్శకుడి వైపు తిరిగింది. "ఏడవమంటే ఏడ్చేదాన్ని కదండీ. ఇందాక రెండుసార్లు ఏడ్చాను. మా అమ్మ నా ఎదురుగానే ఉంటది. మళ్లీ పెట్టండి."

సౌండ్ లేదు కాబట్టి ఆయనకు ఒప్పుకోక తప్పలేదు. ఈసారి కెజియాకు మొదట గొంతు రాలేదు, ఊపిరి మాత్రమే వచ్చింది. ఆ తర్వాత "అమ్మా" అన్న పిలుపు సగంలో విరిగిపోయింది. అదంతా నా టేపు మీద పడింది. కట్ చెప్పగానే ఆమె ముఖం తుడుచుకుని మంచినీళ్లు అడిగింది.

మరుసటి ఏడు హైదరాబాదులో ప్రివ్యూ వేశారు. దర్శకుడు అబద్ధం చెప్పి తీసిన షాటే వాడాడు. దాని మీద కెజియా నటించిన ఏడుపు అతికించాడు. ముఖం కాయల్లో ఉండడంతో పెదవులు కలవలేదన్న పేచీ రాలేదు. ఆ ఏడుపుకి హాల్లో చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

సినిమా అయ్యాక ఆయన వేదికెక్కాడు. "ఈ అమ్మాయికి నటన తెలీదు. నేను నిజం రాబట్టాను. ఆ ఏడుపు విన్నారుగా!" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

"సార్, అది నేను చేసిందే కదండీ?" అని నా పక్క కుర్చీలో ఉన్న కెజియా అడిగింది. అవునన్నాను. ఆమె లేచి నిలబడి, "అది నేను నటించానండీ" అని హాలంతా వినబడేలా చెప్పింది.

"చూశారా, ఎంత అమాయకురాలో!" అన్నాడు దర్శకుడు. జనం నవ్వారు.

ఆ తర్వాత నటన వద్దనే దర్శకుడు ఎవరు పిలిచినా నేను వెళ్లలేదు. జనం నిజమని మెచ్చుకున్నది ఆ అమ్మాయి తెలిసి చేసిన పనినే. అబద్ధమాడి సంపాదించిన షాట్‌లో ఆయనకు దక్కింది, కాయల్లో కూరుకుపోయిన ఒక తల వెనకభాగం.