దూలగొండి పొట్లంతో పాండిచ్చేరికి

మా అన్న వెంకటసుబ్బయ్యకు వణుకుడు జబ్బు వచ్చి ఆరేళ్లయింది. నెల్లూరులో గడియారాలు బాగుచేసేవాడు, చేతులు వణికి ఆ పని మానుకున్నాడు. పోయిన ఎండాకాలం వణుకు తగ్గిందిగానీ, మెడా భుజాలూ వాటంతటవే మెలికలు తిరగడం మొదలైంది. రాత్రిళ్లు నిద్ర లేదు. జబ్బు ముదిరిందనుకున్నాం. పాండిచ్చేరి ముత్తియాల్‌పేటలో నాటువైద్యం చేసే తెలుగావిడ ఉందని విని, ఒకరోజు ఉదయం అయిదింటికి ఇద్దరం రైలెక్కాం.

చెన్నైలో దిగి కోయంబేడు బస్టాండుకు వెళ్తే పదిన్నర బస్సు దొరికింది. పక్కసీటు పెద్దాయన మేము వెళ్లే పని విని, అన్నను చూసి, "ఆకుమందేగదమ్మా, మంచి చేయకపోయినా చెడు చేయదు" అన్నాడు. నేనూ అదే నమ్మేదాన్ని.

రెండింటికి పాండిచ్చేరిలో దిగాం. నెల్లితోపులో లాడ్జి గది రోజుకు రెండొందలు, శుభ్రంగానే ఉంది. సాంబారన్నం తిని, నాలుగింటికి ఆటోలో ముత్తియాల్‌పేట చేరాం. వెల్డింగు షాపు పక్కనే ఆ వైద్యురాలు రాజమ్మ ఇల్లు. అరవై దాటిన మనిషి.

"యాడ్నించి వస్తా ఉండారు?" అని అడిగి, అన్న నాడి పట్టుకుంది. "ఏమేం తింటా ఉండావన్నా? ఒకటీ దాయొద్దు."

నేను నెల్లూరు డాక్టరు రాసిన మాత్రల చీటీ ఇచ్చాను. అన్న తలవంచుకుని సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. ఎవరో చెబితే రెండు నెలలుగా నాకు తెలియకుండా పాలలో కలుపుకుని తాగుతున్నాడట.

"వణుకు తగ్గింది గదా అని స్పూను పెంచుకుంటా పోయినా" అన్నాడు.

రాజమ్మ కాస్త పొడి నాలుకకు రాసుకుంది. "దూలగొండి గింజలు. మంచి మందే. అయితే నీ మాత్రలో ఉండే మందే ఈ గింజలోనూ ఉండాది. రెండూ తింటే ఒళ్లు మెలి తిరక్కుండా ఉంటాదా?"

"అయితే వేరే ఏదైనా ఇవ్వండమ్మా" అన్నాను.

"నేనియ్యను. రేపు పెద్ద డాక్టరు కాడికి పోదాం. నేనూ వస్తా."

అన్నట్టే మర్నాడు తొమ్మిదింటికి లాడ్జికి వచ్చింది. ఆమె తీసుకెళ్లిన నరాల డాక్టరు నాటుమందు మాట వింటే కోప్పడతాడనుకున్నాం. ఆయన మాత్రం ఆమె చెప్పిందే నిజమన్నాడు.

"ఈ గింజ మీద పరీక్షలు జరిగాయి, పనిచేస్తుంది. కానీ మీ పొట్లంలో మందెంతుందో ఎవరికీ తెలియదు."

"మరి మిగతా మూలికలో?" అన్నాను.

"ఒకటి పనిచేసిందని అన్నిటినీ నమ్మకండి. దేనికి దాన్నే పరీక్షించాలి."

పొడి ఆపించి, మాత్రలు మాత్రం వేళకు వేసుకోమని, మూడు రోజులు ఊళ్లోనే ఉండమన్నాడు. రెండో రోజు భుజాలు కుదుటపడ్డాయి. మూడో రోజు సాయంత్రం సముద్రం దాకా నడిచి వెళ్లాం.

మర్నాడు ఏడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. అన్న చేతులు మళ్లీ కొంచెం వణుకుతున్నాయి.

"బాధగా ఉందా?"

"వణకనీలే. ఇంక నీకు చెప్పకుండా ఏదీ తాగను."

ఆకుమందులో బలముందని నాకిప్పుడు అనుమానం లేదు. బలముంది కాబట్టే దానికి కొలత కావాలి. మాలాగా వైద్యం కోసం వెళ్లేవాళ్లు, వేసుకునే మాత్రలూ పొడులూ అన్నీ తీసుకెళ్లి వైద్యుల ముందు పెట్టండి. మహాబలిపురం దాటకముందే అన్న నా భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. కోయంబేడు వచ్చేదాకా నేను కదల్లేదు.